జనరేటర్లు ఆగిన తర్వాత

విశాఖపట్నంలో ఇరవై ఏళ్ల పైచిలుకు నేను జనరేటర్లు అద్దెకిచ్చి బతికాను. ఇప్పుడు ఇళ్ల మేడల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తున్నాను. పని మార్చుకున్నానని తెలిసిన వాళ్లందరూ గిట్టుబాటు గురించే అడుగుతారు. వ్యాపారం బాగానే ఉంది, ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నేను రాయాలనుకున్నది వేరే సంగతి.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు. నేను ఐటీఐ చదివాను గానీ ఫ్యాక్టరీలో చోటు దొరకలేదు. మద్దిలపాలెంలో మోటార్లు రిపేరు చేసే ఒక షాపులో చేరాను. తర్వాత నాకు భాగస్వామి అయినవాడు అక్కడే పరిచయమయ్యాడు. వన్‌టౌన్‌లో తరతరాలుగా ఇనప ట్రంకు పెట్టెలు చేసే ముస్లిం కుటుంబం వాళ్లది. ట్రంకు పెట్టెలు కొనేవాళ్లు తగ్గిపోవడంతో వెల్డింగ్ నేర్చుకుని షాపులో పనికి వచ్చాడు. మొదటి రోజే నన్ను బావా అని పిలిచాడు. నన్ను అలా పిలిచే చుట్టాలెవరూ లేరు. ఆ పిలుపు విని ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను.

ఇద్దరం కలిసి ఒక పాత జనరేటర్ కొని, బాగుచేసి, చిన్న వ్యాన్ మీదకి ఎక్కించాం. చప్పుడు బయటికి రాకుండా దాని చుట్టూ రేకుల పెట్టె అతనే కట్టాడు, ఆకుపచ్చా బూడిదా కలిసిన ఒక రంగు వేశాడు. ఆ రంగు ఎక్కడ దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఇంకొకటి కొన్నాం, ఆ తర్వాత పెద్దది ఒకటి. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, దర్గా ఉర్సులు, చర్చి పండగలు, పార్టీ మీటింగులు, ఆపరేషన్ల వేళ నర్సింగ్ హోములు. కరెంటు ఎక్కడ పోకూడదో అక్కడ మేముండేవాళ్లం.

ఈ పనిలో ఒక గుణం ఉంది. జనరేటర్‌ని వదిలేసి రావడానికి వీల్లేదు. అది ఉన్నంత సేపూ మనిషి దాని పక్కన ఉండాలి. అందువల్ల నేను ఈ ఊళ్లో లెక్కలేనన్ని పెళ్లిళ్లు పూర్తిగా చూశాను. పెళ్లికొడుకు తరఫు వాళ్లు అలగడం, పురోహితుడు ఆలస్యంగా రావడం, ఎవరి పిల్లో తప్పిపోయి కుర్చీల వెనకాల నిద్రపోతూ దొరకడం. రెండో బంతి లేచేసరికి ఎవరో ఒకరు తప్పకుండా గుర్తు చేసుకునేవారు. "జనరేటర్ వాళ్లు తిన్నారా?" ఆ కేక వినిపించగానే నా భాగస్వామి నా వైపు చూసి నవ్వేవాడు. మా పేర్లు ఎవరికీ తెలియవు. అయినా తిన్నామా లేదా అన్నది ఆ ఇంటి పట్టింపు.

నాకూ పెళ్లయింది, నిలవలేదు. ఆవిడ వేరే ఊళ్లో సుఖంగానే ఉందని విన్నాను. ఆ రోజుల్లో దాని గురించి ఎక్కువ ఆలోచించే తీరిక నాకు ఉండేది కాదు. ఏదో ఒక పందిట్లో ఎవరో ఒకరితో కూర్చుని ఉండేవాణ్ణి.

పెద్ద తుఫాను వచ్చిన ఏడు మాత్రం మేము ఊరికి చుట్టాలమైపోయాం. చెట్లన్నీ పడిపోయాయి, స్తంభాలు వంగిపోయాయి, ఊరు ఊరంతా కరెంటు లేదు. పంపులు నడవక అపార్ట్‌మెంట్లలో నీళ్లు లేవు. మేం వ్యాన్ వేసుకుని అపార్ట్‌మెంటు తర్వాత అపార్ట్‌మెంటుకి వెళ్లి, మోటారు నడిపి, మేడ మీద ట్యాంకు నింపి, ఇంకో వీధికి పోయేవాళ్లం. ట్యాంకు నిండే లోపు జనం సెల్‌ఫోన్లు పట్టుకుని దిగేవారు. అతను ఒక చెక్క మీద వరసగా ప్లగ్ పాయింట్లు బిగించాడు. ఫోన్లన్నీ ఆ చెక్క చుట్టూ కుక్కపిల్లల్లా చేరేవి. ఫోన్ల చుట్టూ మనుషులు. ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటూ ఎప్పుడూ మాట్లాడుకోని వాళ్లు, నీ గోడ కారుతోందా, నా కిటికీ పోయింది అంటూ మాట్లాడుకునేవాళ్లు. ఒకావిడ గిన్నెడు ఉప్మా తెచ్చి మా చేతిలో పెట్టి, చెంచాలు తేవడం మర్చిపోయి మళ్లీ నాలుగంతస్తులు ఎక్కి దిగింది.

"సూసినావా బావా," అన్నాడతను ఉప్మా తింటూ. "కరెంటు పోతే గానీ ఈ ఊర్లో మనుసులు కిందకి దిగరు."

నేను నవ్వాను. అప్పటికి అది హాస్యమే.

తుఫాను తర్వాత లైన్లు గట్టిగా వేశారు. కొన్ని వీధుల్లో వైర్లు భూమిలోకి దింపేశారు. కరెంటు పోవడం మానేసింది. ఫంక్షన్ హాళ్లు సొంత జనరేటర్లు పెట్టుకున్నాయి, ఇళ్లల్లోకి ఇన్వర్టర్లు వచ్చాయి. మా బండ్లు షెడ్డులో నిలబడిపోయాయి. అతను రోజూ వచ్చి వాటిని కాసేపు నడిపేవాడు, ఊరికే ఉంటే ఇంజన్ పాడవుతుందని. గిరాకీ లేని జనరేటర్ ఖాళీ షెడ్డులో మోగుతుంటే వినడం నాకు చాలా కష్టంగా ఉండేది.

ఆ సమయంలోనే బీచ్ రోడ్డులో ఒక హోటల్లో చిన్న వ్యాపారస్తుల కోసం మీటింగు పెట్టారు. ఇద్దరం వెళ్లాం. ఏసీ గదిలో ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పాడు. దేశం బొగ్గు మీద, డీజిల్ మీద ఆధారపడటం తగ్గించుకుంటోంది, గాలిలోకి వదిలే కర్బనాన్ని చివరికి సున్నాకి తేవాలని రెండు వేల డెబ్బైకి గడువు పెట్టుకుంది, ఆ దారి పొడవునా వ్యాపారమే అన్నాడు. సోలార్, బ్యాటరీలు, కరెంటు బండ్లు, పొగ రాని ఉక్కు. ముందుగా అడుగు పెట్టినవాళ్లదే మార్కెట్ అన్నాడు.

"డెబ్బైకా?" నా చెవిలో గొణిగాడు నా భాగస్వామి. "అప్పటికి మనం ఉంటామేటి బావా?"

"మనం ఉండం. ప్యానెళ్లు మాత్రం ఇప్పటి నుంచే పెట్టాలి."

"అయితే పద, భోజనం సూద్దాం."

భోజనంలో బిర్యానీ పెట్టారు. అతను రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేశాడు. నేనేం తిన్నానో నాకు గుర్తు లేదు. నా తలలో అప్పటికే మేడలు కనబడుతున్నాయి. సబ్బవరం వైపు కొత్తగా కాలనీలు లేస్తున్నాయి. ఒక్కో ఇంటికీ ఒక మేడ, ఒక్కో మేడ మీదా ఎండ. బ్యాంకు లోను ఇస్తుంది, ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. నాకు కరెంటు పని వచ్చు. ఇంకేం కావాలి?

నెల తిరక్కుండా అతనితో చెప్పాను. మధ్యాహ్నం వేళ, షెడ్డులో. అతను పెద్ద జనరేటర్ మూత తీసి గ్రీజు పెడుతున్నాడు.

"వీటిని అమ్మేద్దాం. వచ్చిన దాంతో సోలార్‌లోకి దిగుదాం."

అతను గ్రీజు పెట్టడం ఆపలేదు. "అమ్మేత్తే? మళ్లీ తుఫానొత్తే ఎవులొత్తారు ఈళ్లకి?"

"తుఫాను కోసం ఎదురుచూస్తూ బతుకుతామా?"

"మరి నువ్వు ఎండ కోసం ఎదురుసూత్తా బతుకుతావేటి?"

"ఎండ రోజూ వస్తుంది కదా."

"వత్తాది," అన్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నాను ఆపను బావా. నీకు బుర్రుంది, ఎల్లు. నాకు మాత్రం ఈటిని తుక్కోడికి ఇవ్వడానికి మనసొప్పట్లేదు."

గట్టిగా అరుచుకుని ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాను. అరుచుకున్నవాళ్లు రాజీ పడతారు. మేం అరుచుకోలేదు. బండ్లు అతను తీసుకున్నాడు, మద్దిలపాలెంలోని మా ఆఫీసు గది నాకు మిగిలింది. అతను వ్యాన్ తోలుకుని వన్‌టౌన్ వైపు వెళ్లిపోతుంటే, రోడ్డు దాకా వచ్చి వెనకాల ఆటో వస్తోందేమో చూసి చెయ్యి ఊపాను. అంతే.

సోలార్ నేననుకున్నట్టే సాగింది. మొదట్లో జనం అనుమానంగా చూసేవారు. ఈశాన్యం మూల బరువు పెట్టకూడదని ఒకరు, కొబ్బరి చెట్టు నీడ పడుతుంది గానీ చెట్టు కొట్టనివ్వనని ఒకరు. తర్వాత్తర్వాత పక్కింటి వాళ్ల కరెంటు బిల్లు చూసి వాళ్లే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. కుర్రాళ్లు కాదు, చేయి తిరిగిన ఇద్దరు ఫిట్టర్లను పెట్టుకున్నాను. ఉదయం వెళ్తే ఒక్కోసారి చీకటి పడకముందే ఇల్లు అయిపోయేది. మీటరు మార్పించి, సెల్‌ఫోన్‌లో యాప్ ఎలా చూడాలో ఇంటివాళ్లకి చూపించి దిగి వచ్చేవాళ్లం.

ఆ తర్వాత వాళ్లకి నాతో పని లేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో నేనే ఫోన్ చేసేవాణ్ణి.

"ఎలా ఉందండి సోలార్?"

"బాగుందండి. ఏ ప్రాబ్లమూ లేదు."

"దుమ్ము పడితే కడుగుతున్నారా?"

"కడుగుతున్నామండి. ఉంటాను మరి."

సోలార్ ప్యానెల్‌కి చప్పుడు లేదు, పొగ లేదు, పక్కన కూర్చునే మనిషి అక్కర్లేదు. దాని గొప్పతనం అదే. నేను కస్టమర్లకి చెప్పేది కూడా అదే మాట, ఒకసారి పెట్టించుకుంటే పాతికేళ్లు మర్చిపోవచ్చు అని. వాళ్లు మర్చిపోయారు. ఊరంతా నా ప్యానెళ్లున్న ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో నేను కాఫీ తాగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పొద్దున్నే లేచి, ఏ ఇంటి మీద ఎంత కరెంటు తయారవుతోందో చూపించే యాప్ చూడటం అలవాటైంది. ఒక్కో ఇల్లూ ఒక గీత. సూర్యుడితో పాటు పైకి లేచి, మధ్యాహ్నానికి నిలబడి, సాయంత్రానికి కిందకి దిగేది. మబ్బు పట్టిన రోజు అన్ని గీతలూ ఒకేసారి వంగిపోయేవి. ఒక రోజు ఒక ఇంటి గీత అసలు లేవలేదు. నేను సంతోషించానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ సంతోషించాను. ఫోన్ కూడా చేయకుండా, ఫిట్టర్లకి చెప్పకుండా, టూల్స్ బ్యాగు తీసుకుని సబ్బవరం బయల్దేరాను. దారిలో వాళ్ల పిల్లలకి బిస్కెట్లు కూడా కొన్నాను.

ఆ ఇంటావిడ గ్రిల్ గేటు అవతల నుంచే మాట్లాడింది.

"ప్యానెళ్లు పని చేయట్లేదమ్మా, ఫోన్‌లో చూపిస్తోంది."

"అదా అండీ! నిన్న మా ఆయన వైఫై పాస్‌వర్డ్ మార్చారు. కరెంటు బాగానే వస్తోంది. అయ్యో, దీనికోసం ఇంత దూరం వచ్చారా?"

మంచినీళ్లు ఇచ్చింది. తాగాను. బిస్కెట్లు ఎలా ఇవ్వాలో తెలియలేదు. ఏ మాట అని ఇవ్వాలి? బ్యాగులోనే ఉంచుకుని తిరిగి వచ్చి, ఆ సాయంత్రం టీలో ముంచుకుని నేనే తిన్నాను.

అతనికి ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏం చెప్పాలి? వ్యాపారం బాగుందని చెబితే, నేను అన్నదే నిజమైందని ఎత్తిచూపినట్టు ఉంటుంది. బాగాలేదని చెబితే అబద్ధం. జనరేటర్లు ఒక్కొక్కటే అమ్మేశాడని ఎవరో చెప్పగా విన్నాను. ఏం చేస్తున్నాడో ఎవరూ చెప్పలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో సబ్బవరం దగ్గర ఒక కొత్త కాలనీకి కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. మేడ ఎక్కి టేపు పరుస్తుంటే పక్క ఇంటి మేడ కనబడింది. అక్కడ ప్యానెళ్లు నేలకి దగ్గరగా లేవు. మనిషి నిలబడేంత ఎత్తున ఇనప స్తంభాల మీద పందిరిలా వేశారు. పైన ప్యానెళ్లు, కింద నీడ. ఆ నీడలో చాప వేసుకుని ఇద్దరు ఆడవాళ్లు చింతపండు గింజలు తీస్తున్నారు. ఒక ముసలాయన మడత కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఉయ్యాల కూడా ఉంది.

స్తంభాల రంగు ఆకుపచ్చా కాదు, బూడిదా కాదు.

నేను కిందకి దిగి, పక్క ఇంటి గేటు తట్టి, సోలార్ పని చేసేవాణ్ణండి, మీ మేడ ఒకసారి చూడొచ్చా అని అడిగాను. ముసలాయన రమ్మన్నాడు. పైపుల చివర్లన్నీ మూసి, గీసుకోకుండా నున్నగా అరగదీసి ఉన్నాయి. చెయ్యి వేసి చూశాను.

"ఎవరు కట్టారండి ఇది?"

"వన్‌టౌన్ నించి వచ్చినాడు బాబూ, ఒక సాయిబు గారు. బలే మనిసి. పనయినన్నాళ్లూ మాతోనే తిన్నాడు. ఈ ఉయ్యాల మేం అడగనేదు. పైపు ముక్కలు మిగిలిపోనాయి తాతా, పిల్లలకి కట్టేత్తానని ఆయనే కట్టేసినాడు. మొన్న మా మనవరాలి పుట్టినరోజుకీ వచ్చినాడు."

బాగుందండి అన్నాను. మెట్లు దిగాను. ఇన్నాళ్లూ ఒక సంగతి నమ్ముకుని నాకు నేను సర్ది చెప్పుకుంటూ వచ్చాను. ఈ కొత్త పనిలో మనుషులకి చోటు లేదు, అది పని స్వభావం, నా తప్పేం కాదు అని. అదే ఎండ, అవే ప్యానెళ్లు. అతను వాటి కింద చాప పరిచే చోటు కట్టాడు. పుట్టినరోజుకి పిలిపించుకున్నాడు.

ఆ వారంలోనే వన్‌టౌన్ వెళ్లాను. వాళ్ల పాత ట్రంకు పెట్టెల దుకాణం వెనక్కి పెరిగి పెద్ద షెడ్డు అయింది. కొత్త పైపులు గోడకి ఆనించి ఉన్నాయి. కొంతమంది పనివాళ్లు ఉన్నారు. ముందు గదిలో అతని కూతురు కంప్యూటర్ మీద ఏదో డ్రాయింగ్ గీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, "నాన్నా, మావయ్య వచ్చారు," అని లోపలికి కేక వేసింది.

అతను ముఖం మీది వెల్డింగ్ అద్దం పైకి తోసుకుంటూ వచ్చాడు. గడ్డం తెల్లబడింది.

"రా బావా. కూకో. ఏటిలా సిక్కిపోనావు?"

టీ వచ్చింది. జనరేటర్ల గురించి అడిగాను. పెద్దది చివరిదాకా ఉంచుకున్నానని, అది కూడా తుక్కుకి వేసేశానని చెప్పాడు. "ఆ రోజు నాను షెడ్డుకి రానేదు. పిల్లే దగ్గరుండి పంపించింది." తర్వాత కూతురే ఈ పందిరి ఫ్రేముల ఆలోచన చెప్పిందట. డిప్లొమా చదివింది. ఎంత గాలికి ఎంత పైపు కావాలో అది లెక్క కడుతుంది, నాను అతికేత్తాను అన్నాడు.

"నాకో మాట చెప్పొచ్చు కదా," అన్నాను.

"సెప్దామనే అనుకున్నాను. నువ్వు పెద్ద కంపెనీ అయిపోనావు కదేటి. ఈడు మళ్లీ నా ఎనకే వచ్చినాడు అనుకుంటావేమో అని..." అన్నాడు.

నేను అలా అనుకునేవాణ్ణా? అనుకోననే చెప్పాను.

అప్పుడు వచ్చిన పని బయటపెట్టాను. మళ్లీ కలిసి చేద్దాం, ప్యానెళ్లు నావి, పందిళ్లు నీవి, బోర్డు మీద ఇద్దరం అన్నాను. అతను టీ గ్లాసులో అడుగున మిగిలింది నేల మీద పారబోశాడు.

"అనకాపల్లి సోలార్ ఆళ్లు ఇద్దరితో కలిసి సేత్తానని మాటయిపోనాది బావా. మంచోళ్లు. నాకు పని లేనప్పుడు పని ఇచ్చినోళ్లు. ఇప్పుడు ఆళ్లని ఎలాగొగ్గేత్తాను?"

"వద్దులే. వదలొద్దు."

"నీ కస్టమర్లకి కావాలంటే సెప్పు, కట్టేత్తాను. దానికేటుంది?"

"అలాగే."

పనివాళ్లలో ఒకడు వచ్చి పైపు కొలత అడిగాడు. అతను లేచి, నా వైపు చూపిస్తూ, "ఈరు సోలార్ సారు," అని పరిచయం చేశాడు. వెంటనే నాలిక్కరుచుకున్నట్టు మొహం పెట్టి, "మా బావే," అన్నాడు. ఆ పనివాడు నాకు నమస్కారం పెట్టాడు. నేను కూడా పెట్టాను.

అప్పటి నుంచి ఎత్తు పందిరి కావాలన్న వాళ్లు తగిలినప్పుడల్లా అతన్ని పిలుస్తున్నాను. కొలతలు అతని కూతురికి పంపిస్తాను. అతను వచ్చి కట్టి వెళ్తాడు. కుదిరితే ఆ రోజు నేనూ వెళ్తాను. నా అవసరం లేకపోయినా పైపు రెండో చివర పట్టుకుంటాను.

పరవాడ రోడ్డులో ఒక ఇంటి మీద అలాగే పని చేశాం. ఆ మేడ మీంచి చూస్తే కరెంటు ప్లాంటు పొడుగు చిమ్నీలు కనబడతాయి. ఆ ఇంటాయన అందులోనే పనిచేస్తాడు. పగలు బొగ్గు కరెంటు తీసి, ఇంటికొచ్చి ఎండ కరెంటు వాడుకుంటానని చెప్పి తనే నవ్వాడు. తర్వాత, మా పిల్లాడి నాటికి ఆ ప్లాంటు ఉంటుందో ఉండదో, వాడేం పని నేర్చుకోవాలంటారు అని అడిగాడు. నన్నే అడిగాడు. వ్యాపార అవకాశాల గురించి ఆ హోటల్లో విన్న మాటలన్నీ నాకు గుర్తొచ్చాయి. నా భాగస్వామే, అదే, ఒకప్పటి నా భాగస్వామే అందుకున్నాడు.

"ఏ పనయినా నేర్పండి గానండి, మనుసుల్తో ఉండే పని నేర్పండి."

ఇంటాయన తల ఊపాడు. నేను పైపు పట్టుకుని చిమ్నీల వైపు చూస్తూ నిలబడ్డాను. అతను నన్ను ఉద్దేశించి అనలేదని నాకు తెలుసు.

భోజనానికి కింద పిలిచారు. పీతల పులుసు పెట్టారు. ఆ ఇంటి పిల్లలు అప్పటికే అతన్ని చుట్టుకుని ఉన్నారు. నేను గోడ వైపు కూర్చుని తిన్నాను. అన్నం మారు వడ్డించబోతే చాలండి అన్నాను, ఆవిడ రెండోసారి అడగలేదు.

తిరుగు ప్రయాణంలో అతను నా పక్క సీట్లో నిద్రపోయాడు. గాజువాక దాటేదాకా ట్రాఫిక్. హారన్లకి కూడా లేవలేదు. వన్‌టౌన్ సందు మొదట్లో ఆపితే కళ్లు నులుముకుంటూ దిగి, కిటికీలోంచి వంగి చూశాడు.

"రా బావా, టీ తాగి ఎల్దువు గాని."

"పనుంది. ఇంకోసారి వస్తాను."

నాకు ఏ పనీ లేదు. అతను బండి మీద రెండుసార్లు తట్టి లోపలికి వెళ్లాడు.

మర్నాడు చేపల రేవు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. షెడ్డు మొత్తం మీద ప్యానెళ్లు వేయాలట. నాకు ఇంతవరకూ వచ్చిన వాటిలో అదే పెద్ద పని. సంతోషమే. కానీ అది రేకుల కప్పు, ప్యానెళ్లు రేకుల మీదే బిగించాలి. ఎత్తు ఫ్రేములు అక్కర్లేదు. గురువారం ఉదయం నేనొక్కణ్ణే వెళ్లి, ఎండెక్కక ముందే కొలతలు తీసుకుని వచ్చాను.